ముందు థర్మామీటర్ వేసి చూడు

శ్రీకాకుళం,
డిసెంబరు 15

అమ్మలూ,

ఆదివారం ఫోన్లో నీ గొంతు బాలేదు. "మ్యుటేషన్ పెట్టిన ప్లాస్మిడ్ ఈసారి సగం కూడా రాలేదు నాన్నా, రెప్లికేషనే దెబ్బతిన్నట్టుంది" అన్నావు. అంటే నువ్వు మార్పు చేసిన ఆ డీఎన్ఏ, బ్యాక్టీరియా కణంలో తన కాపీలు తీసుకోవడమే తగ్గిందని. మీ అమ్మయితే నువ్వు సరిగ్గా తినట్లేదని తేల్చేసింది.

నువ్వు పంపిన రీసెర్చ్ పేపర్లు రెండుసార్లు చదివాను. ఇంటర్ పిల్లలకి 28 ఏళ్లు పాఠం చెప్పాను గానీ, ప్లాస్మిడ్ అంటే "క్రోమోజోమ్‌కి బయట ఉండే చిన్న డీఎన్ఏ వలయం" అని ఒక్క ముక్క చెప్పి పేజీ తిప్పేసేవాణ్ణి. అది తన కాపీలు తనే అదుపులో పెట్టుకుంటుందని ఇప్పుడా తెలిసేది! ఆర్ఎన్ఏ-2 అనే ముక్క ప్రైమర్‌గా, అంటే కాపీ మొదలుపెట్టే ముక్కగా, మారబోతుంటే ఆర్ఎన్ఏ-1 అనే ఇంకో ముక్క వచ్చి దాన్ని పట్టుకుని ఆపుతుంది. కాపీలు పెరిగేకొద్దీ పట్టుకునేవీ పెరుగుతాయి. రాప్ అనే చిన్న ప్రోటీన్ ఆ పట్టుని బిగిస్తుంది. 1977 నాటి పీబీఆర్322 అనే ప్లాస్మిడ్ ఒక్కో కణంలో 15, 20 కాపీల దగ్గర ఆగేది అందుకేనట. పీయూసీ అనే ఇంకో ప్లాస్మిడ్‌లో రాప్ లేదు, పైగా ఆర్ఎన్ఏ-2 దగ్గర ఒక్క డీఎన్ఏ అక్షరం మారింది, జీ పోయి ఏ వచ్చింది. అంతే, కాపీలు వందల్లోకి పోయాయి.

నా అనుమానం అక్కడే. ఆ ఒక్క అక్షరం పని వేడిని బట్టి ఉంటుందట, నువ్వు గీత గీసిన పేరాలోనే ఉంది. 37 డిగ్రీల్లో కాపీలు బాగా ఎక్కువ, 42లో ఇంకా ఎక్కువ, 30కి దింపితే ఆ పెరుగుదల దాదాపు పోతుంది. నీదీ పీయూసీయే కదా. మీ షేకర్, అదే బ్యాక్టీరియా ఫ్లాస్కుల్ని వెచ్చగా ఉంచి ఊపే యంత్రం, పాడైతే పక్క ల్యాబ్‌లో పెట్టుకున్నానని మాటల్లో మాటగా అన్నావు. వాళ్ల షేకర్ మీద అంకె చూశావా, లోపలి వేడి చూశావా? ఫ్లాస్కులో నీళ్లు పోసి, గంటసేపు ఉంచి, థర్మామీటర్ వేసి చూడు. మ్యుటేషన్ పెట్టని పీయూసీని కూడా పక్కనే పెంచు. రెండూ తగ్గితే ముందు షేకర్‌ని అనుమానించు. నీది ఒక్కటే తగ్గితే అప్పుడు రాసుకో, మ్యుటేషన్ అని.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున్నే నాగావళి కనపడట్లేదు, అంత మంచు. మొన్న ఇడ్లీ పిండి పొంగలేదని, మినప్పప్పు పాతదిచ్చాడని మీ అమ్మ కొట్టువాణ్ణి రెండ్రోజులు తిట్టింది. నిన్న అదే పప్పు రుబ్బి, గిన్నెకి పాత దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టింది. తెల్లారేసరికి మూత తోసుకుని గట్టంతా కారింది. కొట్టువాడి సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు.

చోడి పిండి పార్సిల్ రేపు వేస్తాను. థర్మామీటర్ చూశాక ఫోన్ చెయ్యి, రాత్రి ఎంతయినా ఫర్వాలేదు.

మీ నాన్న