కొండకూ లోయకూ విడిగా చలి అంచనా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఈ ఏడాది ఏజెన్సీలో చలి ఎక్కువే అని పెద్ద అక్షరాలతో ఒక వార్త వేశారు. అప్పటినుంచి రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను. నిన్న మళ్లీ అదే తరహాలో లంబసింగి ఫొటో, పక్కన ఒక కనిష్ఠ ఉష్ణోగ్రత, కింద పర్యాటకుల సందడి చూశాక ఇక ఆగలేకపోయాను. ఆ రెండు వార్తలూ మొత్తం చదివినా పాడేరులో కాఫీ రైతుకు గానీ, అనంతగిరి ఘాట్‌లో బస్సు నడిపే డ్రైవర్‌కు గానీ, ఆశ్రమ పాఠశాలలో ఉండే పిల్లలకు గానీ పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు.

లానినా వల్ల చలి పెరుగుతుందని రాశారు. అది ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో నీళ్లు మామూలు కన్నా చల్లబడటం. దేశం మొత్తం మీద చలికాలం ఎటు మొగ్గుతుందో చెప్పడానికి పనికొస్తుందేమో గానీ, చింతపల్లిలో ఫలానా రాత్రి ఎంత చలి పడుతుందో దాన్నిబట్టి చెప్పలేం. మన తూర్పు కనుమల్లో రాత్రి చలి చాలావరకు ఆకాశాన్ని బట్టే ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండి మబ్బు కమ్మితే డిసెంబరులో కూడా రాత్రిళ్లు అంత చలి ఉండదు. అది పోయి ఆకాశం తేటపడి, ఉత్తరం నుంచి పొడిగాలి మొదలై, రాత్రి గాలి కదలకుండా ఉందంటే నేలలో వేడంతా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట దిగి లోయ అడుగున చేరుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు మామూలుగా ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గాలి. మరి విశాఖ తీరంలో 18 ఉన్న తెల్లవారుజామున లంబసింగిలో 5, 6 నమోదవుతోందంటే మిగతా తేడాలో చాలావరకు ఆ లోయ ప్రభావమే. పక్కనే వాలు మీద ఉన్న ఊళ్లో అదే రాత్రి అంత చలి ఉండకపోవచ్చు. ఏజెన్సీలో పుట్టిపెరిగినవాళ్లెవరిని అడిగినా ఈ మాటే చెబుతారు.

అలాంటి చోటుకు మనం ఇస్తున్న అంచనా ఏమిటి? వాతావరణ శాఖ రోజువారీ బులెటిన్‌లో ‘ఉత్తర కోస్తాంధ్ర, యానాం’ అని ఒకే వరుస. సముద్ర మట్టాన ఉన్న యానాం, వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగి ఒకే వాక్యంలో! మూడు నెలల శీతాకాల అంచనా మ్యాప్ చూసినా అంతే, ఒక రంగు పూసి వదిలేస్తారు. ఇక శీతల గాలుల కొలత: మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు, కొండ ప్రాంతాల్లో 0 డిగ్రీలకు దిగితేనే ఆ లెక్కలోకి వస్తుంది. హిమాలయాల్లో సున్నా సరిపోతుందేమో. రేకుల కప్పు, తలుపు సరిగా పడని గది, ఒక పలచటి దుప్పటి ఉన్న ముంచంగిపుట్టు పిల్లకు 6 డిగ్రీలు చలి కాదా? సున్నా దాకా ఆగాలా?

ఉద్యోగరీత్యా ఆ కొండల్లో చాలాకాలం ఉన్నాను. నవంబరు నుంచి కాఫీ పండ్లు కోతకొస్తాయి. కోసినవి పల్పింగ్ చేసి, అంటే పైతొక్క తీసి, కళ్లాల్లో ఎండబెట్టాలి. పొద్దున తొమ్మిది, పది దాకా మంచు విడవకపోతే ఎండే సమయమే ఉండదు, గింజకు బూజు పట్టి రేటు పడిపోతుంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనమంతా గొప్పగా చెప్పుకుంటున్నాం, మంచిదే, ఆ కాఫీ ఆరబెట్టే రైతుకు మాత్రం రేపు మంచు ఎన్నింటికి విడుస్తుందో చెప్పే దిక్కు లేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటితే వానలు ఏజెన్సీ దాకా వచ్చాయి. చలికాలం అంచనా అంటే చలి ఒక్కటే కాదు, ఆ నెలల్లో సముద్రం మీద నుంచి వచ్చే వాన కూడా అందులో భాగమే. రాజ్మా ఎప్పుడు పీకాలి, వరి కుప్ప ఎప్పుడు నూర్చాలి, ఇవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉష్ణోగ్రత కొలుస్తున్నారు, ఆ అంకెలే పేపర్లలో వస్తున్నాయి. కొలిచేవాళ్లను తప్పుపట్టడం లేదు. కొలిచినదాన్ని ఊరిదాకా చేర్చేవాళ్లు లేరనేదే నా బాధ. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి జిల్లా ఏర్పడినప్పుడు పాలన దగ్గరవుతుందని ఎంతో ఆశపడ్డాం. బోర్డులు మారాయి, కార్లు పెరిగాయి. దుప్పట్లు మాత్రం ఇప్పటికీ సంక్రాంతి దాటాక వస్తున్నాయి. చలికాలం ప్రతి ఏడాదీ అదే నెలలో వస్తుందని అధికారులకు ఎవరైనా కొత్తగా చెప్పాలా? డిసెంబరు శని, ఆదివారాల్లో వంజంగి కొండకు, లంబసింగికి వేల మందిని పంపుతారు. తెల్లవారుజామున మూడింటికి దట్టమైన మంచులో ఘాట్ ఎక్కే కుర్రాళ్లకు ఆ సమయంలో ముందున్న వాహనం కూడా కనపడదని కింద చెక్‌పోస్టు దగ్గర చెప్పేవాళ్లు ఉండరు. ప్రమాదం జరిగాక మాత్రం అందరూ మైకుల ముందుకు వస్తారు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కాదు. పాడేరు డివిజన్‌లో ప్రతి మండలంలో లోయ అడుగున ఒకచోట, వాలు మీద ఒకచోట కొలిచి, చలికాలం నాలుగు నెలలూ విడిగా అంచనా ఇవ్వాలి. అది తెలుగులోనే కాకుండా అక్కడి ఆదివాసీలు మాట్లాడే కువిలో, ఆదివాసీ ఒడియాలో కూడా సంతల్లో మైకులో చెప్పించాలి. ఘాట్ రోడ్లలో మంచు దట్టంగా ఉన్న గంటల్లో పర్యాటక వాహనాలను కిందే ఆపాలి. ఆశ్రమ పాఠశాలలకు దుప్పట్లు, వేడినీళ్ల ఏర్పాటు నవంబరు మొదటి వారానికే పూర్తి కావాలి.

మీరూ ఒక పని చేయండి. రేపటినుంచి లంబసింగి కనిష్ఠ ఉష్ణోగ్రత వేసేటప్పుడు పక్కన ఇంకో రెండు వరుసలు కలపండి: రాత్రి మబ్బు ఉంటుందా లేదా, పొద్దున మంచు ఎన్నింటిదాకా ఉండొచ్చు. ఆ ఫొటో కొంచెం చిన్నదైనా పరవాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం