చికెన్ కడగకు నాన్నా

నాన్నా,

నిన్న వీడియో కాల్‌లో నువ్వు చికెన్‌ని కుళాయి కింద పెట్టి కడుగుతుంటే చూశాను. మాట్లాడుతున్నానే గానీ, చూపంతా నీ చేతి మీదే. ఆ తడిచేత్తోనే కుళాయి కట్టేశావు, ఫోన్ సర్దుకున్నావు. పక్కనే కడిగి బోర్లించిన గ్లాసు. అప్పుడే చెబితే విసుక్కుంటావని ఊరుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

కడగమని నేర్పింది నేనే. అది తప్పని ఇప్పుడు తెలిసింది. సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా కోడి పేగుల్లో ఉంటాయి. కోడి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. కోసి శుభ్రం చేసేటప్పుడు అవి మాంసానికి అంటుకుంటాయి. రంగు మారదు, వాసన రాదు. నీళ్లకు అవి పోవు సరికదా, తుంపరలతో పాటు సింకు చుట్టూ పడతాయి. ముక్క లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే మాత్రం చస్తాయి, మందులకు లొంగనివైనా సరే. అందుకే బాగా ఉడికిన ముక్క గురించి నాకు భయం లేదు. నా టెన్షనంతా నీ చెయ్యి, కత్తి, కటింగ్ బోర్డు గురించే. తడిగా ఉంటే టిష్యూతో అద్ది, దాన్ని పారేసి, సబ్బుతో చేతులు కడుక్కో. పచ్చిగా తినేవి ఏమున్నా ముందే తరిగి పక్కన పెట్టుకో.

ఇంకోటి. పోయిన నెల విరేచనాలైతే, ఎప్పుడో మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్ (బ్యాక్టీరియాని చంపే యాంటీబయాటిక్ మందు) రెండు బిళ్లలు వేసుకున్నానన్నావు. అదే జాతి మందు ఎన్రోఫ్లాక్సాసిన్‌ని కోళ్లకు తాగే నీళ్లలో కలుపుతారు. కొన్నిటికి జబ్బు చేస్తే షెడ్డు మొత్తానికీ అవే నీళ్లు. ఆ మందుకు చావని బ్యాక్టీరియా మిగిలి, పెరుగుతుంది. అది మనిషికి అంటితే సిప్రోఫ్లాక్సాసిన్ కూడా దాని మీద పనిచెయ్యదు. ఈ భయంతోనే 2005లో అమెరికా కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని ఆపేసింది. ఉత్తినే బరువు పెరగడానికి మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 నుంచి నిషేధించింది. అక్కడ అంత చేస్తుంటే, ఇక్కడ మనం తోచినట్టు రెండు బిళ్లలు మింగి అదే మొండితనాన్ని మన పొట్టలో పెంచుకుంటే ఎలా నాన్నా?

మళ్లీ అలా అయితే ఓఆర్ఎస్ తాగుతూ ఉండు. జ్వరం వచ్చినా, రక్తం పడినా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించు. ఆ మిగిలిన బిళ్లలు మాత్రం దగ్గర ఉంచుకోకు.

ఈసారి వండేటప్పుడు ఫోన్ చెయ్యి, పక్కనుండి చెబుతాను.

అమ్మ