రంధ్రం ఇప్పుడా, తర్వాతా?

రఘూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గొంతులో గడ్డ వల్ల మీ బాబాయికి స్వరపేటిక మొత్తం తీసేస్తారని తేలింది కాబట్టి నీ ప్రశ్నకి ఇదే సమయం: మాట తెప్పించే రంధ్రం అదే ఆపరేషన్‌లో పెట్టించాలా, గాయం మానాక మళ్లీ వెళ్లాలా? ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఒక్క ముక్కలో తేలేది కాదురా, కాస్త ఓపిక పట్టు.

స్వరపేటిక తీశాక శ్వాసనాళం పైకొసని మెడ కింది భాగంలో చర్మానికి కుట్టేస్తారు. అదే స్టోమా. ఇక ఊపిరంతా అక్కడి నుంచే. ముక్కుకీ నోటికీ ఊపిరితిత్తులతో సంబంధం ఉండదు. శ్వాసనాళానికి వెనకాలే ఆనుకుని అన్నవాహిక ఉంటుంది. ఆ రెండింటి మధ్య గోడలో, స్టోమా పైఅంచుకి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల కిందగా, నడిమధ్యన రంధ్రం పొడిచి సిలికాన్ వాల్వు కూర్చోబెడతారు. స్టోమాని వేలితో మూసి ఊపిరి వదిలితే గాలి వాల్వులోంచి అన్నవాహికలోకి వెళ్లి గొంతు గోడల్ని అదిలిస్తుంది. ఆ అదురే కొత్త గొంతు. వాల్వు ఒకవైపుకే తెరుచుకుంటుంది కాబట్టి తాగిన నీళ్లు ఇటు రావు. సింగర్, బ్లోమ్ ఈ పద్ధతిని 1980లో ప్రచురించినప్పుడు ఇది రెండో ఆపరేషనే. 1980ల మధ్యకొచ్చేసరికి మొదటిదాంట్లోనే చేసేయడం మొదలైంది.

ఒకేసారి చేస్తే లాభం ఊహించేదే. ఒకటే మత్తు. గొంతు తెరిచే ఉంటుంది కాబట్టి ఎక్కడ పొడవాలో సర్జన్‌కి కళ్లెదుటే కనిపిస్తుంది. వాల్వు వెంటనే పెట్టకపోతే అదే రంధ్రంలోంచి ఆహారపు గొట్టం దింపొచ్చు, ముక్కులో గొట్టం బాధ తప్పుతుంది. అంతా సవ్యంగా మానితే రెండు వారాల ప్రాంతంలో మాట మొదలుపెట్టొచ్చు.

మరి వద్దనేది ఎప్పుడంటే: గడ్డ కిందికి దిగి ఉంటే శుభ్రంగా తీయడానికి శ్వాసనాళాన్నీ అన్నవాహికనీ విడదీయాల్సి వస్తుంది. అలా విడిపోయిన గోడలో రంధ్రం పొడిస్తే లాలాజలం రెండు పొరల మధ్యకి జారి ఛాతీలోకి ఇన్‌ఫెక్షన్ దిగొచ్చు. అప్పుడు ఆగాల్సిందే. గొంతు గొట్టాన్ని కూడా తీసేసి పొట్టని పైకి లాగి కలిపినా చాలామంది వాయిదా వేస్తారు. ఇంతకుముందే రేడియేషన్ పడిన మెడైతే కుట్లు సరిగా మానక లాలాజలం చర్మంలోంచి కారే భయం ఎక్కువ. కొందరు సర్జన్లు ఛాతీ కండరం తెచ్చి కప్పి అప్పుడే చేసేస్తారు, కొందరు ఆగుతారు. ఇక్కడ ఆ సర్జన్ చేతి అనుభవానికే నేను విలువిస్తాను. చివరికి మాట వచ్చే అవకాశంలో రెండు దారులకీ పెద్ద తేడా ఉండదు.

ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇవ్వబోతున్నారనే ఒక్క కారణంతో వాయిదా వేయకండి. లెక్క వేసి చూడు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి, అది సుమారు ఆరు వారాలు నడుస్తుంది, తర్వాత కణజాలం కుదుటపడడానికి కనీసం మరో ఆరు వారాలు, ఒక్కోచోట మూడు నెలలు. అంటే నాలుగు నెలల పైమాటే. ముందే రంధ్రం ఉంటే రేడియేషన్ సగానికి వచ్చేసరికి గొంతు పుండు పడి మాట మందగిస్తుంది కానీ, తర్వాత మళ్లీ పుంజుకుంటుంది. ఆలస్యమయ్యేటట్టయితే ఎలక్ట్రోలారింక్స్, అంటే అదురుతో మాట పుట్టించే చేతి యంత్రం, సిద్ధం చేయించు. మెడ వాచి ఉన్నప్పుడు నోట్లో పెట్టే చిన్న గొట్టంతో వాడతారు.

అసలు సంగతికి ఇప్పుడొస్తున్నా. రంధ్రం ఎప్పుడు పొడిచినా సరే, గొంతుని బిగించే కండరాల సంగతి మొదటి ఆపరేషన్‌లోనే చూసుకోవాలి. గాలి కిందినుంచి రాగానే ఆ కండరాలు బిగుసుకుపోతే వాల్వు ఎంత మంచిదైనా మాట పిండినట్టు వస్తుంది, రెండు ముక్కలకే ఆగిపోతుంది. గొంతు తెరిచి ఉన్నప్పుడే ఆ కండరాన్ని నిలువుగా కోసేయొచ్చు, లేదా దానికి వెళ్లే నరాలని ఒకవైపు తెంపొచ్చు. నిమిషాల పని. తర్వాతైతే కండరాన్ని వదులు చేసే బొటులినమ్ ఇంజెక్షన్లు, మళ్లీ మళ్లీ. డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, రంధ్రం సంగతి రెండోది.

రెండోసారికి వాయిదా వేస్తే ముందు గాలి పరీక్ష చేయమని అడుగు. ముక్కులోంచి సన్నని గొట్టం 25 సెంటీమీటర్ల వరకూ దింపి గాలి పంపుతారు. ఎనిమిది సెకన్లపాటు ‘ఆ’ అనగలిగితే, ఒకటి నుంచి పదిహేను దాకా లెక్కపెట్టగలిగితే కండరం అడ్డు లేనట్టే.

వాల్వు కొలత గురించి ఒక మాట. మొదటి ఆపరేషన్‌లో గోడ వాచి మందంగా ఉంటుంది, ఆ రోజు 8 లేదా 10 మిల్లీమీటర్ల పొడవుది సరిపోతుంది. వాపు తగ్గాక అదే పొడుగైపోయి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, చుట్టూ నీళ్లు కారతాయి. అప్పుడు కావాల్సింది పొట్టి వాల్వు. లావుది పెట్టి రంధ్రాన్ని సాగదీయడం తప్పు. అందుకే వారాల్లోనే మళ్లీ కొలవాలి. వాల్వు మధ్యలోంచి కారితే కథ వేరు: ఫంగస్ పట్టి మూత సరిగా పడటం లేదు, మార్చాలి. రంగు నీళ్లు తాగించి లైటు వేసి చూస్తే మధ్యలోంచా, చుట్టూరానా అన్నది తెలిసిపోతుంది. వాల్వు ఊడొస్తే రంధ్రం గంటల్లో పూడుకుపోగలదు. వెంటనే క్యాథెటర్ (సన్నని మెత్తటి గొట్టం) దూర్చి ఆసుపత్రికి. ఊడినది చేతికి దొరక్కపోతే ఊపిరితిత్తుల్లోకి జారిందేమో ఎక్స్‌రే తీయించాలి.

రోజూ అద్దం ముందు నిలబడి చిన్న బ్రష్‌తో వాల్వు తోముకోవాలి కదా, బాబాయి చూపు, వేళ్ల వణుకు కూడా డాక్టర్‌కి చెప్పు. ఆసుపత్రికి పలకా పెన్నూ తప్పక తీసుకెళ్లు. ఏ దారిలో వెళ్లినా మొదటి రోజులు రాత మీదే.

స్కాన్ రిపోర్టులో గడ్డ స్వరతంత్రుల కిందికి ఎంతవరకు దిగిందని రాశారో, మెడకి ఇంతకుముందు రేడియేషన్ ఇచ్చారో లేదో చూసి వెంటనే రాయి. ఆ రెండూ తెలిస్తే మిగతాది మాట్లాడుకుందాం.

నీ
సుధాకర్