డెల్టా జి నాట్‌తో లెక్క ముగియదు

సంపాదకులకు,

ఇంటర్ విద్యార్థుల చేతుల్లో తిరిగే మెటీరియల్‌లో అవక్షేపణ చర్యల (ద్రావణంలోంచి ఘనపదార్థం విడిపడి దిగే చర్యల) స్వేచ్ఛాశక్తి లెక్క తరచూ సగంలోనే ఆగిపోతోంది. స్వేచ్ఛాశక్తి మార్పు, అంటే డెల్టా జి, రుణమైతేనే చర్య దానంతటదే సాగుతుంది. పట్టికలోంచి విలువలు తీసి దాని ప్రామాణిక విలువైన డెల్టా జి నాట్ కడతారు. రుణ సంఖ్య రాగానే ‘కాబట్టి అవక్షేపం ఏర్పడుతుంది’ అని తేల్చేస్తారు. అది తప్పు. ఆ విలువ ప్రతి అయానూ లీటరుకు 1 మోల్ చొప్పున ఉన్నప్పటి సంగతి. మన నీళ్లలో ఏ అయానూ అంత ఉండదు.

నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లనే తీసుకుందాం. కాల్షియం అయాన్ ఒకటి, ఫ్లోరైడ్ అయాన్లు రెండు కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర దీని ద్రావణీయతా లబ్ధం (సంతృప్త ద్రావణంలో కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతో గుణిస్తే వచ్చేది) 3.45×10⁻¹¹. వాయు స్థిరాంకం ఆర్‌ను కెల్విన్ ఉష్ణోగ్రత టితో గుణిస్తే వచ్చే ఆర్‌టి విలువ 2.479 కిలోజౌళ్లు. దీన్ని లబ్ధపు సహజ సంవర్గమానం −24.09తో గుణిస్తే అవక్షేపణకు డెల్టా జి నాట్ −59.7 కిలోజౌళ్లు. లబ్ధం కరగడానికి రాసినది, మనకు కావలసింది దానికి ఎదురు చర్య. గుర్తు తారుమారయ్యేది ఇక్కడే.

ఇక అసలు నీళ్లు. లీటరుకు కాల్షియం 40 మిల్లీగ్రాములు అంటే 1.0×10⁻³ మోల్. ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములను 19తో భాగిస్తే 1.58×10⁻⁴ మోల్. ఈ నీళ్లకు డెల్టా జి కావాలంటే నాట్ విలువకు ఆర్‌టి ఎల్‌ఎన్ క్యూ కూడాలి. ఎల్‌ఎన్ అంటే సహజ సంవర్గమానం. క్యూ అంటే కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతో గుణించి, ఆ లబ్ధంతో 1ని భాగిస్తే వచ్చేది. అది 4.0×10¹⁰ వస్తుంది. ఆర్‌టి ఎల్‌ఎన్ క్యూ +60.5. కూడితే డెల్టా జి +0.8 కిలోజౌళ్లు. నాట్ విలువ −60 చూపిస్తున్నా గ్లాసులో ఒక్క రేణువూ దిగదు. తాగునీటి ప్రమాణాల ప్రకారం గరిష్ఠ పరిమితి 1.5 మిల్లీగ్రాములు. ఈ నీళ్లలో దానికి రెట్టింపు ఉంది, అయినా కరిగే ఉంటుంది.

ఫ్లోరైడ్ 4 మిల్లీగ్రాములైతే −0.6 వస్తుంది. దాన్నీ నమ్మడానికి లేదు. నీటిలోని ఇతర లవణాల వల్ల అయాన్ల క్రియాశీలత (చర్యలో నిజంగా పనిచేసే గాఢత) తగ్గుతుంది. అయాను బలం (నీటిలోని అయాన్ల గాఢతలను, ఆవేశాలను కలిపి చెప్పే కొలత) 0.01 ఉన్నా విలువ ఒకటిన్నర కిలోజౌళ్లు ధనం వైపు జరుగుతుంది. సున్నకు దగ్గరగా వచ్చిన జవాబును ‘ఏర్పడుతుంది’ అని రాయకూడదు.

విద్యార్థులు ఎక్కువగా పోగొట్టుకునేది వర్గం దగ్గర. 4 మిల్లీగ్రాముల లెక్కలో ఫ్లోరైడ్‌ను వర్గం చేయకపోతే −21.6 వస్తుంది, తెల్లటి అవక్షేపం కుప్పగా దిగాలన్నమాట! రెండో చోటు, ద్రావణాలు కలిపినప్పుడు. 50 మి.లీ.కు 50 మి.లీ. కలిపితే రెండు గాఢతలూ సగమవుతాయి. ఇక్కడ క్యూ 8 రెట్లు పెరుగుతుంది, జవాబులో 5.2 కిలోజౌళ్లు తేడా. సీసా మీది గాఢతనే లెక్కలో వేస్తే ఫలితం తలకిందులు కావచ్చు. ఆర్ విలువ 8.314 జౌళ్లలో ఉంటుంది, నాట్ విలువ కిలోజౌళ్లలో. వెయ్యితో భాగించకుండా కూడేవాళ్లూ ఉన్నారు.

పట్టికలతోనూ జాగ్రత్త అవసరం. కాల్షియం ఫ్లోరైడ్ ఏర్పాటు స్వేచ్ఛాశక్తి ఒక పట్టికలో −1167.3, మరొకదానిలో −1175.6. అయాన్ల మొత్తం −1111.2ను తీసేస్తే −56.1, −64.4 మిగులుతాయి. పెద్ద సంఖ్యల్లోంచి పెద్ద సంఖ్యలు తీసేసినప్పుడు వచ్చే చిక్కిది. 8.3 కిలోజౌళ్ల తేడా అంటే ద్రావణీయతా లబ్ధం 28 రెట్లు మారడం. కొలిచిన లబ్ధం దొరికినప్పుడు దాన్నే వాడడం మేలు.

సున్నం ఒక్కటే వేస్తే ఫ్లోరైడ్ ఎందుకు పోదో కూడా ఈ లెక్కే చెబుతుంది. 1.5 మిల్లీగ్రాములకు దించాలంటే లీటరుకు సుమారు 220 మిల్లీగ్రాముల కాల్షియం కరిగి ఉండాలి. బైకార్బనేట్ నిండిన నీళ్లలో వేసిన సున్నం చాలావరకు కార్బనేట్‌గా అడుగుకు చేరుతుంది. అందుకే నల్లగొండ పద్ధతిలో సున్నంతోపాటు పటిక వేస్తారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టె ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది.

మీ విద్యా పేజీలో మాదిరి జవాబులు వేసేటప్పుడు క్యూ లెక్కించిన వరుస లేకుండా ‘అవక్షేపం ఏర్పడుతుంది’ అన్న వాక్యం రాకుండా చూడాలని మనవి.

— రసాయనశాస్త్ర అధ్యాపకులు, నల్లగొండ