సికిల్ సెల్ పిల్లల కోసం తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

కార్యదర్శి గారికి నమస్కారం.

ఆదిలాబాద్ ఏజెన్సీలో టీచర్‌ని. మా బడిలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉన్న పిల్లలున్నారు. చలి ముదిరితే చాలు, కీళ్లు పట్టుకుని మెలికలు తిరిగిపోతారు.

2023 చివర్లో బ్రిటన్, అమెరికా క్యాస్‌జెవీ అనే జీన్ ఎడిటింగ్ చికిత్సకు అనుమతిచ్చాయి. రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలనే బయటికి తీసి, వాటిలో శిశు హిమోగ్లోబిన్ తయారీని అణచే బీసీఎల్11ఏ జన్యువు పనిని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తగ్గించి, తిరిగి ఎక్కిస్తారు. దాంతో పుట్టాక తగ్గిపోయిన శిశు హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది, ఎర్రకణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. కానీ అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు! పైగా ముందు మజ్జలోని పాత మూలకణాలను తొలగించడానికి గట్టి కీమో మందులు ఇవ్వాలి, వారాల తరబడి ఆస్పత్రిలో ఉంచాలి.

ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు తక్కువ ఖర్చులో దేశీయ చికిత్స కోసం కృషి చేస్తున్నారు. అది చేతికొచ్చేసరికి ఇవ్వడానికి మన సర్కారు దవాఖానాల్లో మూలకణ మార్పిడి వార్డులు ఉండాలి కదా? ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి. ట్రయల్స్‌లో ఏజెన్సీ పిల్లలకూ చోటివ్వండి. అయితే కీమో వల్ల రేపు సంతానం కలగకపోవచ్చన్న సంగతితో సహా అన్నీ గోండి, కొలామీ భాషల్లో తల్లిదండ్రులకు వివరించాకే సంతకం తీసుకోవాలి.

అప్పటిదాకా ఈ నొప్పులు తరచూ రాకుండా చూసే హైడ్రాక్సీయూరియా మందు ప్రతి పీహెచ్‌సీలో అందుబాటులో ఉంచండి. స్టాక్ లేదని తిప్పి పంపితే, మళ్లీ రావడానికి ఆ ఇంట్లో ఇంకో రోజు కూలి పోతుంది.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు