మళ్లీ నెల కూడా నువ్వే వస్తావా అని అడుగుతున్నారు, మంత్రి గారూ

వృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల బాగోగులు చూసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మొన్న ఒక పెద్దావిడ నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ "మళ్లీ నెల కూడా నువ్వే వస్తావా అమ్మా?" అని అడిగారు. ఆవిడ అలా ఎందుకు అడిగారో మీకు తెలియాలి. నాలుగేళ్లలో ఆవిడ దగ్గరికి వెళ్లిన నాలుగో మనిషిని నేను.

మీ శాఖ మాకు గ్రాంట్ ఒక్కో ఏడాదికే ఇస్తుంది. తొమ్మిదో నెల వచ్చేసరికి రెన్యూవల్ అవుతుందో లేదో అని ఆఫీసులో అందరికీ టెన్షన్ మొదలవుతుంది, ఇంటి అద్దె కట్టుకోవాల్సిన వాళ్లు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతారు, వాళ్లను నేను తప్పు పట్టను. కానీ వాళ్లతో పాటు పోయేది ఫైల్లో ఉండదు. ఒక పెద్దాయన మొదటి రెండు నెలలు నన్ను లోపలికే రానివ్వలేదు. ఏడాది దాటాక ఒకరోజు, పక్క గదిలో ఎవరూ లేరని చూసుకుని, తన డబ్బు తన చేతికి రావడం లేదనీ అడిగితే కసురుకుంటున్నారనీ చెప్పారు. అరవై దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకమైన వేధింపు ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ మాట బయటికి రావాలంటే ఎదురుగా కూర్చున్న మనిషి తెలిసిన మనిషై ఉండాలి కదా. ఏటా కొత్త ముఖమైతే వాళ్లు నోరు విప్పరు.

ఇంకో విషయం రిపోర్టులు. మీ ఫారంలో ఎన్ని ఇళ్లకు వెళ్లామో రాయడానికి గడి ఉంది, ఎంతసేపు కూర్చున్నామో రాయడానికి లేదు. ఒక ఇంట్లో గంటన్నర కూర్చుంటే తెలిసింది, ఆవిడ మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రను రాత్రి పడుకునే ముందు వేసుకుంటున్నారని, అందుకే నిద్రలో రెండు మూడుసార్లు లేచి చీకట్లో గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్తున్నారని. డాక్టర్‌తో మాట్లాడి ఆ మాత్ర పొద్దుటికి మార్పించాం, మంచం పక్కన చిన్న లైటు పెట్టించాం. ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు, అందులో ఎక్కువ మంది పెద్దవాళ్లే. ఆవిడ పడలేదు. పడకుండా ఆగినదాన్ని రాసే గడి మీ ఫారంలో ఎక్కడా లేదు, నా రిపోర్టులో అది "ఒక సందర్శన" మాత్రమే, తలుపు దగ్గరే పలకరించి వచ్చేసినా అదే లెక్క.

మా జీతాలను మీరు పరిపాలనా ఖర్చు కింద రాసి దానికి పరిమితి పెట్టారు. అయ్యా, ఈ పనిలో మనిషి వెళ్లి కూర్చోవడమే సేవ. ఆ మనిషి జీతాన్ని సేవా ఖర్చుగానే చూడండి. గ్రాంట్ కనీసం మూడేళ్లకు ఇవ్వండి. ఎవరైనా మానేయక తప్పకపోతే, పాత మనిషీ కొత్త మనిషీ ఒక నెల పాటు కలిసి ఆ ఇళ్లకు వెళ్లడానికి వీలుగా జీతం ఇవ్వనివ్వండి, మేం అడుగుతున్న వాటిలో తక్కువ ఖర్చుతో అయ్యేది బహుశా ఇదే.

2021 నుంచి 2030 వరకు పదేళ్లను ఐక్యరాజ్యసమితి ఆరోగ్యకరమైన వార్ధక్య దశాబ్దంగా ప్రకటించింది. అందులో సగం గడిచిపోయింది. మిగిలిన ఏళ్లకైనా డబ్బు ముందుగా ఖాయం చేస్తే మాలో చాలామంది ఈ పనిలోనే ఉండిపోతాం. ఉండాలనే ఉంది మాకు.

నా కాంట్రాక్టు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఈసారి గ్రాంట్ సంగతి ఆఖరి వారం దాకా ఆపకుండా ఈ నెలలోనే చెప్పండి. ఆ పెద్దావిడకు నేను ఇంకా జవాబు చెప్పలేదు.

ఇట్లు,
ఒక ఫీల్డ్ వర్కర్