ఆ మూడు గంటల ఖాళీ

బందరు,
ఆదివారం సాయంత్రం

బుజ్జీ,

నాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీ అమ్మ పక్కనుంచి "తిన్నదో లేదో అడగండి" అంటూనే ఉంది, నీకేమో ల్యాబ్‌కి టైమ్ అయిపోతోంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నాకు అర్థమైనంతలో నువ్వు చెప్పింది ఇదీ. మీ ఆదిత్య నౌక పంపిన, సూర్యుడి నుంచి వీచే గాలి (అదే, విద్యుదావేశ కణాల ప్రవాహం) వేగం లెక్కల్లో, సరిగ్గా సౌర తుఫాను ముదిరిన చోట, మూడు గంటల పాటు నమ్మదగ్గ అంకెలు లేవు. అటూ ఇటూ ఉన్న చుక్కల్ని కలుపుతూ ఒక గీత గీసేస్తే గ్రాఫ్ అందంగా వస్తుంది, పేపర్ పని కూడా తొందరగా తెములుతుంది. "గీసేయనా నాన్నా, ఎవరికీ తెలియదు" అన్నావు.

గీయొద్దమ్మా. ఎందుకో చెబుతాను. ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది మీ అమ్మకి కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు.

నేను వాతావరణ పరిశీలకుడిగా చేరిన కొత్త. ఆ రోజు తెల్లవారుజాము అయిదున్నర రీడింగ్ నా వంతు. రాత్రంతా వాన. కూర్చున్న కుర్చీలోనే నిద్ర పట్టేసింది, లేచేసరికి ఆరుంబావు. అప్పటికే గాలి తగ్గుముఖం పట్టింది. రెండున్నరకి వేసిన అంకె చూశాను, కిటికీలోంచి కొబ్బరి మట్టలు ఊగడం చూశాను, గాలి వేగం మధ్యస్తంగా 8 అని వేసేశాను. ఎవరూ అడగలేదు. ఆ రిజిస్టర్ ఇప్పటికీ ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది. ఎవరైనా ఆ ఏడాది గాలుల సగటు కడితే, నేను చూడని గాలి కూడా అందులో కలుస్తుంది. దాన్ని వేరుగా గుర్తుపట్టడానికి ఒక్క ఆధారం కూడా ఉండదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెట్టేది. ఖాళీ వదిలేసి ఉంటే ఆ రోజు నాకు నాలుగు చీవాట్లు పడేవి, అంతే.

పెద్ద గాలి వచ్చినప్పుడే గాలిని కొలిచే యంత్రం మూగబోతుంది. నేల మీదా అంతే, అంతరిక్షంలోనూ అంతే. 2003 అక్టోబరు నెలాఖరున సూర్యుడి మీద వరసగా పెద్ద విస్ఫోటనాలు జరిగాయి కదా. అప్పటికి ఏస్ అనే అమెరికా ఉపగ్రహం మన ఆదిత్య ఉన్న ఎల్1 ప్రాంతంలోనే కాపలా కాస్తోంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, సూర్యుడి వైపున. సరిగ్గా గాలి చెలరేగిన వేళకి, దూసుకొచ్చిన అధిక శక్తి కణాల దెబ్బకి దాని గాలి కొలిచే పరికరం మామూలు పద్ధతిలో పనిచేయలేకపోయింది. ఉన్న అంకెలు కూడా పాడయ్యాయి. ఆ పని చేసేవాళ్లు గీత గీసి ఊరుకోలేదు. అదే పరికరం సుమారు అరగంటకొకసారి వేరే పద్ధతిలో తీసుకున్న కొలతలు ఉంటే, వాటిని తవ్వి తీశారు. గాలి వేగం సెకనుకి 1,850 కిలోమీటర్లు దాటిందని తేలింది. మామూలు రోజుల్లో ఆ గాలి 400 దగ్గర ఉంటుందని నువ్వే నాకు చెప్పావు. అటు చుక్కకీ ఇటు చుక్కకీ మధ్య గీత గీసి ఉంటే ఆ శిఖరం ఆ గీత కింద పడి కనిపించకుండా పోయేది.

ఇంకొకటి. ఇది నా మనసుకి మరీ దగ్గర.

1977 మన దివిసీమ వాళ్లు మరిచిపోలేని సంవత్సరం. నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మీ తాతయ్య నన్ను పంచెతో దూలానికి కట్టేశాడు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. పది వేల మందికి పైగా పోయారు. ఆ గాలి ఎంత వేగంగా వీచిందో, ఎటునుంచి ఎటు తిరిగిందో తెలుసుకోవాలన్న పంతమే నన్ను ఆ ఉద్యోగంలోకి తీసుకెళ్లింది. సరిగ్గా ఆ ఉప్పెనకి రెండున్నర నెలల ముందు, సెప్టెంబరు 5న, వాయేజర్-1 అనే అమెరికా అంతరిక్ష నౌక బయల్దేరింది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఆ నౌక అంటే నాకు తోటి ప్రయాణికుల మీద ఉండే ప్రేమ.

వాయేజర్-1లో సూర్యుడి గాలిని నేరుగా కొలిచే పరికరం 1980లోనే, శని గ్రహాన్ని దాటిన కొద్ది రోజులకే పాడైంది. అక్కడినుంచి ముప్పై రెండేళ్లు ఆ గడి ఖాళీ. నౌక మాత్రం పోతూనే ఉంది. సూర్యుడి గాలి ఎక్కడ ఆగిపోతుందో, నక్షత్రాల మధ్య ఉండే పదార్థం ఎక్కడ మొదలవుతుందో చెప్పాల్సిన నౌకకి, ఆ ఒక్క పరికరమే లేదు. 2012 ఆగస్టు 25న సూర్యుడి వైపునుంచి వచ్చే కణాలు దాదాపు మాయమైపోయాయి, బయటినుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పెరిగాయి. హద్దు దాటేసిందని అనిపించేదే. కానీ దాటితే అయస్కాంత క్షేత్రం దిక్కు మారాలని అందరూ అనుకున్నారు, అది మారలేదు. అందుకని దాటిందని ప్రకటించకుండా ఆగారు. ఆ ఆగడం చూడు బుజ్జీ. ముప్పై అయిదేళ్లుగా ఎదురుచూస్తున్న కబురు చేతిలో ఉన్నట్టే ఉంది, అయినా ఆగారు.

జవాబు వేరే దారిన వచ్చింది. 2012 మార్చిలో సూర్యుడి మీద ఒక విస్ఫోటనం జరిగింది. దాని అదురు పదమూడు నెలలు ప్రయాణం చేసి 2013 ఏప్రిల్‌లో వాయేజర్ దగ్గరికి చేరింది. అక్కడి ఎలక్ట్రాన్లు ఆ కుదుపుకి ఊగడం మొదలుపెట్టాయి. నౌకకి 10 మీటర్ల యాంటెన్నాలు రెండున్నాయి, ప్లాస్మా తరంగాలను, అంటే విద్యుదావేశ కణాల గుంపులో పుట్టే అలలను, వినేవి. అవి ఆ ఊగడాన్ని పట్టాయి. ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటే శ్రుతి అంత హెచ్చుగా ఉంటుంది కాబట్టి, శ్రుతిని బట్టి సాంద్రత తెలుస్తుంది. ఘన సెంటీమీటరుకి 0.08 ఎలక్ట్రాన్లు అని లెక్క తేలింది. హద్దుకి లోపలి వైపు అంచున ఉండేదానికి ఇది దాదాపు నలభై రెట్లు. అయోవా విశ్వవిద్యాలయంలో డాన్ గర్నెట్ బృందం చేసిన పని ఇది. సూర్యుడికి 1,800 కోట్ల కిలోమీటర్ల దూరంలో, పాడైపోయిన పరికరం చెప్పలేని మాటని ఆ రెండు యాంటెన్నాలు చెప్పాయి. పాత రికార్డులు వెతికితే 2012 అక్టోబరు, నవంబరుల్లో ఇంకాస్త నెమ్మది శ్రుతి కూడా దొరికింది. ఈ రెంటినీ కలిపి వెనక్కి లెక్కగట్టి, దాటింది ఆగస్టులోనే అని నిర్ధారించారు. నాసా ఆ సంగతి ప్రకటించింది 2013 సెప్టెంబరులో.

చూశావా, వాళ్లు కూడా చుక్కల మధ్య గీత గీశారు. గీయడం తప్పని నేను అనడం లేదు. ఇది కొలిచింది, ఇది లెక్కగట్టింది అని విడివిడిగా చెప్పి గీశారు. నువ్వూ గీయాలనుకుంటే చుక్కల గీత గీయి, రంగు మార్చు, కింద రెండు వాక్యాలు రాయి. కానీ ముందు ఒకసారి వెతుకు. మీ నౌకలోనే వేరే పరికరం ఆ మూడు గంటలూ మేలుకుని ఉందేమో. అయస్కాంత క్షేత్రం లెక్కలు ఉంటాయి కదా. ఎల్1 దగ్గర వేరే దేశాల నౌకలు కూడా ఉన్నాయి, వాటినీ అడుగు.

2018 నవంబరు 5న దాని జంట నౌక వాయేజర్-2 అదే హద్దు దాటింది. దాని గాలి కొలిచే పరికరం బాగానే ఉంది కాబట్టి గాలి ఆగిపోవడాన్ని నేరుగా చూసింది. విద్యుత్తు చాలక ఆ పరికరాన్ని కూడా 2024లో ఆపేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

నువ్వు ఇంకో మాట కూడా అన్నావు, రెండేళ్లుగా పాడైన అంకెలు ఏరడమే సరిపోతోందని. అది వృథా పని కాదమ్మా. 15 లక్షల కిలోమీటర్లని 400తో భాగించి చూడు. ఎల్1 దగ్గర గాలి మారాక భూమికి చేరడానికి గంట పైచిలుకు పడుతుంది. పెద్ద తుఫానైతే అరగంట కూడా ఉండదు. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది ఇలాంటి తుఫానుకే. ఆ అరగంటలో హెచ్చరించేవాళ్లు ఏ అంకెని నమ్మాలో, దేన్ని తీసేయాలో నీలాంటి వాళ్లు ముందే ఏరిపెట్టి ఉండాలి. మా చిన్నప్పుడు ఆ ఉప్పెన రోజు మాకు అరగంట ముందు తెలిసి ఉంటే చాలు, మా వీధిలో ఎంతమంది మిగిలేవారో.

అమ్మ బందరు లడ్డూలు, నువ్వడిగిన గోంగూర పచ్చడి పార్సిల్ చేసింది. పచ్చడి సీసా నిలువుగానే పెట్టమని చెప్పమంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ గ్రాఫ్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీసుకురా. ఖాళీ ఉన్నది ఉన్నట్టే ఉండాలి. అటు చివరి చుక్క ఎక్కడుందో, ఇటు మొదటి చుక్క ఎక్కడుందో నాకు చూడాలని ఉంది.

నాన్న